ఒకే బెంచీ మీద ఇద్దరు

"అమ్మా, కొంచెం జరుగు."

"ఇంకా జరిగితే కింద పడతానే."

మా ఇంట్లో ఆదివారం పొద్దున్న ఇలాగే మొదలవుతుంది. పియానో ముందు బెంచీ మీద కుడివైపు మా అమ్మాయి, ఎడమవైపు నేను. తన ఎడమ మోచేయి, నా కుడి మోచేయి తగువులాడుకుంటూనే ఉంటాయి. ఎదురుగా స్టాండ్ మీద ఆస్ట్రియా స్వరకర్త షూబర్ట్ రాసిన ఎఫ్ మైనర్ ఫాంటసీ. ఒకే పియానో మీద ఇద్దరు కూర్చుని నాలుగు చేతులతో వాయించడానికి రాసిన సంగీతం అది. పుస్తకంలో ఎడమ పేజీ నాది, కుడి పేజీ తనది. మొత్తం వాయిస్తే ఇరవై నిమిషాల దాకా పడుతుంది. మేము ఏడాదిగా మొదటి రెండు పేజీల దగ్గరే ఉన్నాం. ఇన్నేళ్ళూ ఒంటరిగా వాయించుకున్నవి ఏవీ నాకు నేర్పనిది ఆ రెండు పేజీలు నేర్పాయి.

ఈమధ్య ఒక పియానో జంట వీడియోని మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. వెంటనే వచ్చిన మెచ్చుకోలు: "అబ్బ, ఇద్దరూ అచ్చం ఒక్కరిలా వాయించారు!" ప్రేమగా అన్న మాటే. పేపర్లలోనూ జంట కళాకారుల గురించి రాసేటప్పుడు "రెండు దేహాలు, ఒకే ప్రాణం" అంటారు. అక్కాచెల్లెళ్ళయితే రక్తసంబంధం గనక కుదిరిందంటారు. భార్యాభర్తలైతే ఇక చెప్పక్కర్లేదు. ఈ మెచ్చుకోలు మీద నాకు గట్టి అభ్యంతరం ఉంది. ఒక్కరిలా వినిపించడమే గొప్పయితే ఇద్దరు ఎందుకు? ఇద్దరు కూర్చున్నప్పుడు ఇద్దరూ వినపడాలి. వాళ్ళ మధ్య ఉన్న తేడా కూడా వినపడాలి. పియానో జంట గొప్పదనం అక్కడే ఉందని నా నమ్మకం.

ఆ పొరపాటు ఎందుకు పుడుతుందో నాకు అర్థమవుతుంది. దానికి కారణం పియానోలోనే ఉంది. వయొలిన్ వాయించేవాళ్ళు స్వరాన్ని సన్నగా ఎత్తుకుని మెల్లగా పెంచగలరు. పక్కవాళ్ళని విని, స్వరం నడుస్తుండగానే సర్దుకోగలరు. గొంతూ అంతే. పియానోకి ఆ వీలు లేదు. మీట నొక్కగానే లోపల ఫెల్టు చుట్టిన సుత్తి తీగను కొట్టి వెనక్కి వచ్చేస్తుంది. ఆ క్షణం దాటాక ఆ స్వరాన్ని పెంచలేం, అది తగ్గుతూ పోవలసిందే. అందుకే ఇద్దరు కలిసి ఒక కార్డ్, అంటే కొన్ని స్వరాలు ఒక్కసారిగా, కొట్టినప్పుడు వెంట్రుకవాసి తేడా వచ్చినా "టక్" అనవలసింది "టటక్" అంటుంది. దాచుకునే చోటు ఉండదు. వినేవాళ్ళకి ముందు తెలిసేది ఆ "టటక్" లేకపోవడమే గనక, జంట పని మొత్తం అదే అనుకుంటారు. నిజానికి లయ తప్పకుండా టిక్కుటిక్కుమనే మెట్రోనోమ్ పెట్టుకుని ఓపికగా కూర్చుంటే అది పోతుంది. అసలు కష్టం ఆ తర్వాత ఉంటుంది.

పెడల్ సంగతే తీసుకోండి. నాలుగు చేతుల సంగీతంలో పై భాగాన్ని ప్రైమో, కింది భాగాన్ని సెకండో అంటారు. రాగం ఎక్కువగా ప్రైమోకే వస్తుంది. చూసేవాళ్ళకి ప్రైమోదే పైచేయి, సెకండో ఏదో పక్కవాద్యం అనిపిస్తుంది. కానీ పెడల్ మామూలుగా సెకండో కాలి కింద ఉంటుంది. అది నొక్కితే తీగల్ని ఆపే డ్యాంపర్లు పైకి లేచి స్వరాలు ఒకదానిలో ఒకటి కలుస్తాయి, వదిలితే ఆగుతాయి. అంటే మా అమ్మాయి వాయించే రాగం ఎంతసేపు మోగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో నా కాలు నిర్ణయిస్తుంది. మొదట్లో నా కింది (బేస్) స్వరాల లెక్కన పెడల్ మార్చేదాన్ని. "నా పాట తెగిపోతోందమ్మా" అని విసుక్కునేది. తన పేజీని నేను విడిగా కూర్చుని నేర్చుకున్నాక గానీ నా కాలు దారికి రాలేదు. నేను వాయించని స్వరాలకి నేను జవాబుదారీ కావడం ఒంటరిగా వాయించినంతకాలం నాకు ఎదురుకాలేదు.

నాకు ఈ బెంచీ రుచి చూపించింది మా పెద్దమ్మ. గుంటూరులో మేము వెళ్ళే చర్చిలో గోడవారగా ఒక పాత పియానో ఉండేది. వానాకాలం వస్తే చెమ్మకి దాని మీటలు కొన్ని నొక్కితే లేచేవి కావు, వేలితో పైకి లాగాల్సి వచ్చేది. ఆరాధన అయ్యాక అందరూ బయట మాట్లాడుకుంటుంటే పెద్దమ్మ నన్ను పక్కన కూర్చోబెట్టుకుని "నువ్వు పైన వాయించు, నేను కింద చూసుకుంటా" అనేది. నాకు వచ్చింది ఒక్క వేలి కీర్తన. కింద ఆవిడ చేతులు కదలడం మొదలయ్యాక ఆ ఒక్క వేలి పాటే పెద్ద పాటలా వినిపించేది. నేను తప్పినచోట ఆవిడ ఆగేది కాదు, నన్ను తిట్టేదీ కాదు. నేను మళ్ళీ దొరికేదాకా కింద అదే కార్డ్ తిప్పుతూ ఉండేది. ప్రైమో, సెకండో అన్న మాటలు నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత.

ఇక ప్రేమ ఉంటేనే, రక్తం ఒకటైతేనే జంట కుదురుతుందనే మాటకి వస్తాను. మొజార్ట్ 1781లో వియన్నా వచ్చిన కొత్తలో జోసెఫా ఆవర్న్‌హామర్ అనే అమ్మాయికి పియానో పాఠాలు చెప్పాడు. ఆమె రూపం గురించి తండ్రికి రాసిన ఉత్తరంలో ఎంత చెడ్డగా రాశాడంటే, చదివితే ఇప్పటికీ బాధేస్తుంది. అదే ఉత్తరంలో ఆమె వాయిద్యాన్ని మాత్రం మెచ్చుకున్నాడు. ఆ సంవత్సరం నవంబర్ 23న ఆమె ఇంట్లో జరిగిన కచేరీలో ఇద్దరూ కలిసి వాయించడానికి రెండు పియానోల డి మేజర్ సొనాటా రాశాడు. మొజార్ట్ రచనల జాబితాలో దాని నంబరు కె. 448. దాన్ని ఒక్కసారి ఇద్దరి భాగాలూ విడదీసి వినండి. ఒక పియానో ఒక మాట అంటుంది, రెండోది దాన్ని అందుకుని కొంచెం మార్చి తిరిగి ఇస్తుంది. గురువుగారి భాగం, శిష్యురాలి భాగం అని తేడా కనిపించదు. మనిషిగా ఆమెని అన్యాయంగా చూసినవాడు కూడా సంగీతంలో ఆమెని తక్కువ చేయలేకపోయాడు. ఎదురుగా ఉన్నది నిజమైన పియానిస్టు అని అతని చెవికి తెలుసు. జంటకి కావలసిన మొదటి అర్హత అదేనని నేనంటాను: ఎదుటివాళ్ళ వాయిద్యం మీద గౌరవం.

ఈ సొనాటాకి ఇంకో చరిత్ర కూడా ఉంది. "మొజార్ట్ వింటే పిల్లల తెలివి పెరుగుతుంది" అని కడుపుతో ఉన్నవాళ్ళకి కూడా వినిపిస్తుంటారు కదా. ఆ మాటకి మూలం 1993లో నేచర్ పత్రికలో వచ్చిన చిన్న అధ్యయనం. అందులో పాల్గొన్నది 36 మంది కాలేజీ విద్యార్థులు, పసిపిల్లలు కాదు. పది నిమిషాలు సంగీతం విన్నాక ఆకారాల్ని మనసులో ఊహించుకునే పరీక్షలో వాళ్ళకి కొంచెం ఎక్కువ మార్కులు వచ్చాయి, ఆ ప్రభావం పావుగంటలో పోయింది. వాళ్ళకి వినిపించింది ఈ కె. 448నే. ఇంత ప్రచారం జరిగినా అందులో ఇద్దరు మనుషులు వాయిస్తున్నారన్న సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. పిల్లల్ని అలా ఇంకొకరి పక్కన కూర్చోబెడదామని కూడా ఎవరికీ తోచలేదు.

షూబర్ట్ దగ్గరికి వస్తే విషయం ఇంకా సున్నితం. 1818లో, మళ్ళీ 1824లో అతను ఎస్టర్‌హాజీ ప్రభువుల కుటుంబం వేసవి విడిది జెలిజ్‌లో వాళ్ళ ఆడపిల్లలకి సంగీతం చెప్పాడు. ఆ ఊరు ఇప్పుడు స్లొవేకియాలో ఉంది. చిన్నమ్మాయి కరోలినా మీద అతనికి ప్రేమ ఉండేదని మిత్రులు చెప్పుకున్నారు. నాకు ఏదీ అంకితం ఇవ్వలేదేమని ఆమె అడిగితే, ఎందుకు, అన్నీ మీకే అంకితం కదా అన్నాడని ఒక మిత్రుడు గుర్తుచేసుకున్నాడు. 1828లో రాసిన ఎఫ్ మైనర్ ఫాంటసీ మాత్రం పేరు పెట్టి ఆమెకి అంకితం ఇచ్చాడు. ఆ మే 9న అతను దాన్ని తన మిత్రుడు ఫ్రాంట్స్ లాఖ్నర్‌తో కలిసి ఇంకో మిత్రుడికి వాయించి వినిపించాడు. నవంబర్ 19న చనిపోయాడు. వయసు 31. ఆ సంగీతం అచ్చయింది మరుసటి ఏడాది.

దీన్ని ప్రేమకథగా చెప్పుకోవడం సులువు. నేను ఎడమ పేజీ నుంచి చూస్తున్నాను గనక నాకు వేరేది కనిపిస్తుంది. మొదట మొదలుపెట్టేది సెకండో. మెల్లగా ఊగే స్వరాలు, ఉయ్యాల తాడు ఊగినట్టు. ఆ తర్వాతే ప్రైమో సి అనే స్వరం దగ్గర తచ్చాడి తచ్చాడి పైనున్న ఎఫ్‌కి ఎక్కుతుంది. ఆ ఎక్కడం ఎప్పుడన్నది మా అమ్మాయి ఇష్టం. తను ఒక్కోరోజు దాన్ని కాస్త ఆలస్యంగా ఎక్కుతుంది. నేను లెక్కకి కట్టుబడి ముందుకెళ్ళిపోతే ఆ ఆలస్యం తప్పులా వినిపిస్తుంది. నేను తనకోసం ఆగితే ఊపు చచ్చిపోతుంది. నా ఊగడంలోనే కొంచెం చోటు ఇవ్వాలి, ఇచ్చినట్టు తెలియకూడదు. ఆ చోటులో తను తనలా ఉంటుంది, నేను నాలా ఉంటాను. అక్కడ మేమిద్దరం "ఒక్కరు" అయిపోయిన క్షణం ఏదీ లేదు.

రికార్డులు రాకముందు యూరప్ ఇళ్ళలో ఆర్కెస్ట్రా కోసం రాసిన సింఫనీలు విన్నది ఎక్కువగా ఇలాగే, నాలుగు చేతుల పియానో మీద. జర్మన్ స్వరకర్త బ్రామ్స్ తన సింఫనీల్ని తానే అలా మార్చి రాసుకున్నాడు. రష్యన్ స్వరకర్త స్ట్రావిన్‌స్కీ బ్యాలే రైట్ ఆఫ్ స్ప్రింగ్ 1913లో ప్యారిస్ వేదిక ఎక్కకముందే, 1912లో ఒక మిత్రుడి ఇంట్లో స్ట్రావిన్‌స్కీ, ఫ్రెంచ్ స్వరకర్త డెబుస్సీ ఒకే పియానో ముందు కూర్చుని వాయించారు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కదిలించేది మాత్రం పోలండ్ రాజధాని వార్సా కథ. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లు ఆక్రమించుకున్నాక పోలిష్ కళాకారుల బహిరంగ కచేరీల్ని నిషేధించారు. సంగీతం కాఫీ హోటళ్ళలోకి చేరింది. అక్కడ విటోల్డ్ లుటోస్వావ్‌స్కీ, ఆండ్జెయ్ పనూఫ్నిక్ అనే ఇద్దరు యువ స్వరకర్తలు రెండు పియానోలు వేసుకుని పొట్ట పోసుకోవడానికి వాయించేవారు. బాఖ్ నుంచి రావెల్ దాకా ఏది దొరికితే అది రెండు పియానోలకి మార్చి రాసుకున్నారు. అలా 200కి పైగా తయారయ్యాయి. 1944 వార్సా తిరుగుబాటులో ఆ కాగితాలన్నీ పోయాయి. మిగిలింది ఒక్కటే, 1941లో లుటోస్వావ్‌స్కీ రాసిన పగనీని వేరియేషన్స్. అయిదారు నిమిషాలుంటుంది. ఇవాళ రెండు పియానోల జంటల్లో దాన్ని వాయించనివాళ్ళు అరుదు. నాకు అది విన్న ప్రతిసారీ కప్పుల చప్పుడు మధ్య, తలుపు వైపు ఒక కన్ను వేసి కూర్చున్న ఇద్దరు కుర్రాళ్ళు కనిపిస్తారు. అందులో పియానోలు రెండూ ఒకదాన్నొకటి తరుముకుంటాయి. ఒకరు రాగం పట్టుకుంటే ఇంకొకరు దాని మీద రాళ్ళు విసిరినట్టు కార్డ్‌లు వేస్తారు. దాన్ని నున్నగా, ఒక్కరు వాయించినట్టు వాయిస్తే చచ్చిపోతుంది. అలా వాయించినవాళ్ళనీ విన్నాను, వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు లేకపోయినా నాకు మళ్ళీ వినాలనిపించలేదు.

అదే యుద్ధంలో, 1943 మే నెలలో, ప్యారిస్‌లో ఫ్రెంచ్ స్వరకర్త మెస్సియేన్ తన 19 ఏళ్ళ శిష్యురాలు ఇవోన్ లోరియోతో కలిసి తన రచన విజన్స్ ద లామెన్ వాయించాడు. రెండు పియానోలకి కావాలనే సమానం కాని పనులు ఇచ్చాడు. వేగం, మెరుపు, గంటల మోత ఆమెకి. ముఖ్యమైన రాగాలు, బరువు తనకి. తేడాని దాచకుండా దాన్నే సంగీతంగా మలిచాడు.

"మరి అక్కాచెల్లెళ్ళ మాటేమిటి?" అని అడుగుతారని తెలుసు. ఫ్రాన్స్‌కి చెందిన లబెక్ అక్కాచెల్లెళ్ళు, కాతియా, మరియెల్, యాభై ఏళ్ళకి పైగా కలిసి వాయిస్తున్నారు. వాళ్ళని చూసిన ఎవరికైనా వాళ్ళు ఒకేలా ఉండరని తెలుస్తుంది. కాతియా నిప్పు, మరియెల్ నీళ్ళు. ఆ వేడీ చల్లదనం కలిసినందుకే వాళ్ళు వాయించే అమెరికన్ స్వరకర్త గెర్ష్విన్ సంగీతం అంత తాజాగా ఉంటుంది. టర్కీ కవలలు పెకినెల్ అక్కాచెల్లెళ్ళయితే వేదిక మీద ఒకరినొకరు చూసుకోకుండా కూర్చుంటారు, కేవలం చెవితో పట్టుకోవడానికి. కవలలకి పుట్టుకతోనే అంతా వచ్చేస్తే ఇంత క్రమశిక్షణ ఎందుకు పెట్టుకుంటారు?

అర్జెంటీనా పియానిస్టు మార్తా ఆర్గెరిచ్ 1980ల మొదట్లో ఒంటరి కచేరీలు దాదాపు మానేసింది. వేదిక మీద ఒంటరితనం భరించలేనంది. అంత గొప్ప పియానిస్టుకి పక్కన మనిషి కావలసి వచ్చింది. ఆమె పక్కన చాలామంది కూర్చున్నారు గానీ నాకు ఇష్టమైన జోడీ బ్రెజిల్ పియానిస్టు నెల్సన్ ఫ్రేరీతో. కుర్రవయసులో వియన్నాలో కలిసిన స్నేహితులు వాళ్ళు. 2009లో సాల్జ్‌బర్గ్‌లో వాళ్ళు వాయించిన రష్యన్ స్వరకర్త రాహ్మనినోవ్ సింఫనిక్ డాన్సెస్ వినండి. ఒక వైపు నుంచి పులి దూకినట్టు ఉంటుంది, ఇంకో వైపు నుంచి ఎవరో తొందరపడకుండా, వెచ్చగా, ఆ దూకుడికి నేల పరుస్తున్నట్టు ఉంటుంది. ఆమెని అదుపు చేయాలని అతను చూడలేదు, అతన్ని పరిగెత్తించాలని ఆమె చూడలేదు. ఫ్రేరీ 2021 నవంబర్ 1న పోయాడు. ఆ రాత్రి నేను ఆ రికార్డింగే పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాను.

తెలుగువాళ్ళకి ఇందులో ఒక చిక్కు ఉంది. మనకి జంట అనగానే తిరుపతి వేంకట కవులు గుర్తొస్తారు. ఏ పద్యం ఎవరిదో చెప్పలేకపోవడమే వాళ్ళ గొప్పతనంగా చెప్పుకుంటాం. తిరుపతి శాస్త్రిగారు పోయాక కూడా చెళ్ళపిళ్ళ వేంకట శాస్త్రిగారు రాసినవి ఇద్దరి పేరునే వెలువరించారు. అది తలుచుకుంటే కళ్ళు చెమ్మగిల్లుతాయి. అలాంటి సంప్రదాయం ఉన్నచోట "ఒక్కరిలా" అన్న మెచ్చుకోలు రావడం సహజమే. కానీ అచ్చులో పద్యం వేరు, సభలో అవధానం వేరు. సభలో ఒకరు పాదం ఎత్తుకుంటే ఇంకొకరు అందుకునేవారని చెప్పుకుంటాం కదా. అలా అందుకోవాలంటే ఇద్దరు కావాలి. పియానో బెంచీ ఆ సభ లాంటిది.

ఇదంతా ఇంత గట్టిగా చెప్పడానికి కారణం మా అమ్మాయి. తను ఇంతకుముందు నేర్చుకున్నచోట మూడేళ్ళపాటు గ్రేడ్ పరీక్షల పాటలు, స్కేల్స్, అంతే. డ్యూయెట్ ఏదైనా ఇప్పించమని నేను అడిగితే "పరీక్ష అయ్యాక చూద్దామండీ, ఇప్పుడు టైమ్ వేస్ట్" అన్నారు. పరీక్ష తర్వాత ఇంకో పరీక్ష వచ్చేది. మార్కులు మాత్రం బాగానే వచ్చేవి. ఆ రోజుల్లో ఒకసారి ఇంట్లో ఇద్దరం కలిసి ఒక చిన్న పాట మొదలుపెట్టాం. సగంలో నేను దారి తప్పి ఆగిపోయాను. తను ఆగలేదు. చివరిదాకా వాయించి, చేతులు ఒళ్ళో పెట్టుకుని నా వైపు చూసింది.

"నేను ఆగిపోవడం వినపడలేదా?"

"లేదమ్మా. నా పార్ట్ కరెక్ట్‌గానే వచ్చిందిగా."

ఆ జవాబు నన్ను చాలారోజులు వెంటాడింది. తప్పు తనది కాదు. పక్కన ఇంకొకరు ఉన్నప్పుడు వినాలని తనకి ఎవరూ నేర్పలేదు. నేనూ నేర్పలేదు.

నేర్పడానికి సరుకు లేక కాదు. డయబెల్లి అనే స్వరకర్త అయిదే స్వరాల మీద పిల్లలు వాయించే పాటలు 28 రాశాడు. పిల్లల చెయ్యి ఉన్నచోటు నుంచి కదలక్కర్లేదు, చుట్టూ సంగీతం అంతా టీచర్ అల్లుతుంది. మా పెద్దమ్మ చేసిందీ అదే. ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ 1908-1910 మధ్య మదర్ గూస్ పాటల్ని తన స్నేహితుల ఇద్దరు పిల్లల కోసం రాశాడు. స్ట్రావిన్‌స్కీ సులువైన ప్రైమోతో అయిదు, సులువైన సెకండోతో మూడు రాశాడు. పిల్లలకి పియానో మొదటి నెలలోనే ఈ పని మొదలుపెట్టాలి. ఏడాదికో పరీక్ష తగ్గినా ఫర్వాలేదు. పియానో పిల్లలకి ఎలాగూ గాయకబృందం ఉండదు, ఆర్కెస్ట్రా ఉండదు. ఒక గదిలో, ఒక పెట్టె ముందు, ఒంటరిగా గంటలకొద్దీ కూర్చుంటారు. మా ఇంట్లోలా డిజిటల్ పియానో అయితే చెవులకి హెడ్‌ఫోన్ కూడా తగిలిస్తాం. దానికి హెడ్‌ఫోన్లు పెట్టుకునే రంధ్రాలు రెండు ఉన్నాయని నేను చాలాకాలం గమనించనే లేదు.

హంగేరీ స్వరకర్త జ్యోర్జ్ కుర్తాగ్, ఆయన భార్య మార్తా కలిసి వాయించిన వీడియోలు దొరికితే చూడండి. పెద్ద గ్రాండ్ పియానో కాదు, ఇళ్ళలో ఉండే నిలువు పియానో. బాఖ్ రాసిన యాక్టస్ ట్రాజికస్ అనే చర్చి సంగీతం మొదటి భాగాన్ని కుర్తాగ్ నాలుగు చేతులకి మార్చుకున్నారు. ముసలి చేతులు నాలుగు, ఒకదాన్నొకటి దాటుకుంటూ, తగలకుండా, తొందర లేకుండా వెళ్తాయి. చప్పుడు దాదాపు గుసగుస. వాళ్ళ పెళ్ళి 1947లో, ఆమె పోయింది 2019లో. 72 ఏళ్ళ తర్వాత కూడా వాళ్ళు ఒక్కరు కాలేదు. ఆమె ఒక స్వరం వదలగానే ఆయన దాన్ని విని, ఆ తర్వాతే తన స్వరం పెడతారు.

పోయిన ఆదివారం మేము మూడో పేజీకి వెళ్దామనుకున్నాం. పేజీ తిప్పే చోట చూస్తే ఎవరి చెయ్యీ ఖాళీ లేదు. తను రెండు చేతులతో వాయిస్తోంది, నేనూ అంతే. నేను తల పట్టుకున్నాను. తను నా పేజీ మీదికి వంగి చాలాసేపు చూసింది.

"అమ్మా, నీ కుడి చేతిలో చివరి రెండు స్వరాలు నా ఎడమ చేతికి అందుతాయి. అవి నేను వాయిస్తా. నువ్వు తిప్పు."

పెన్సిల్ తీసుకుని తన పేజీలో ఆ రెండు స్వరాలు రాసుకుని, పైన "అమ్మవి" అని పెట్టుకుంది.